సిమ్‌బ్రీఫ్, లిటిల్ నావ్‌మ్యాప్, నావిగ్రాఫ్: ఇంటి సిమ్యులేటర్‌కు ఏ ఫ్లైట్ ప్లానర్ సరిపోతుంది?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి సిమ్యులేటర్‌లో ఎ320 విమానం నడపదలచినవారు ఇంజన్లు స్టార్ట్ చేయకముందే కొన్ని సంగతులు తేల్చుకోవలసి ఉంటుంది. ఏ మార్గంలో వెళ్లాలి, ఎంత ఎత్తులో ఎగరాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి, విశాఖలో దిగడం కుదరకపోతే ఎటు మళ్లాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వీటికి జవాబు చెప్పే సాధనాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, వాటిలో మంచివి కొన్ని పూర్తిగా ఉచితం కూడా. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు సాధారణంగా ఏ సాధనంలో ఎక్కువ సదుపాయాలున్నాయో చూసి ఎంచుకుంటారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ సాధనం ఎవరి డేటాను చదివి ప్లాన్ తయారుచేస్తోంది, ఆ ప్లాన్‌ను అందుకునే విమానం ఎవరి డేటాను చదువుతోంది? ఈ రెండూ పొసగకపోతే ఎంత చక్కటి ప్లాన్ అయినా కాక్‌పిట్‌లోకి వచ్చేసరికి తెగిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో మన ఊళ్లతోనే చూడవచ్చు. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌ను ఇప్పటికీ పాత కంప్యూటర్లలో నడిపేవారున్నారు. శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నది 2008 మార్చిలో. కాబట్టి అదనపు సీనరీ వేసుకుంటే తప్ప ఆ సిమ్యులేటర్‌కు తెలిసిన హైదరాబాద్ ప్రయాణికుల విమానాశ్రయం బేగంపేటే. ఇప్పటి వెబ్ ప్లానర్‌లో శంషాబాద్ కోడ్ అయిన వీఓహెచ్ఎస్ టైప్ చేసి, వచ్చిన ఫైలును అందులో తెరిస్తే, బయలుదేరవలసిన చోట రన్‌వేయే ఉండదు. విశాఖపట్నానికి ఒకప్పుడు వీఈవీజెడ్ అనే కోడ్ ఉండేది, ఇప్పుడది వీఓవీజెడ్. పాత డేటాబేస్‌కు కొత్త కోడ్ తెలియదు, కొత్తదానికి పాత కోడ్ తెలియదు.

విమానాశ్రయాలు ఎప్పుడో గాని మారవు. మార్గాల్లోని వేపాయింట్లు అనే గుర్తింపు బిందువులు, రన్‌వే నుంచి బయలుదేరే పద్ధతులు, దిగే పద్ధతులు మాత్రం తరచూ మారుతుంటాయి. అంతర్జాతీయంగా ఈ సమాచారాన్ని 28 రోజులకు ఒకసారి సవరించి విడుదల చేస్తారు. ఆ విడతను ఎయిరాక్ సైకిల్ అంటారు. 2025లో మొదటి సైకిల్‌కు 2501 అని పేరు, అది జనవరి 23న అమల్లోకి వచ్చింది. ప్లానర్ ఒక సైకిల్‌లో, విమానం మరొక సైకిల్‌లో ఉన్నప్పుడు విమానం కంప్యూటర్‌లో మార్గం ఎక్కించబోతే ఎయిర్‌బస్ తెరమీద ‘నాట్ ఇన్ డేటాబేస్’ అని కనిపిస్తుంది, లేదా మార్గం మధ్యలో ‘డిస్‌కంటిన్యుటీ’ అన్న ఖాళీ ఏర్పడుతుంది. సిమ్యులేటర్ పాడైందనో, ప్లానర్ మంచిది కాదనో అనుకునే సందర్భాల్లో చాలావరకు అసలు కారణం ఇదే.

పెద్ద విమానాలు నడిపేవారికి సిమ్‌బ్రీఫ్

ఎ320, బోయింగ్ 737, 777 వంటి విమానాలు నడిపేవారు మొదట చూడవలసింది సిమ్‌బ్రీఫ్. బ్రౌజర్‌లో నడిచే ఉచిత సేవ ఇది. ప్రస్తుతం నావిగ్రాఫ్ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది. బయలుదేరే చోటు, చేరే చోటు, విమానం రకం ఇస్తే మార్గాలను సూచించి, ఆనాటి పైగాలుల అంచనాను లెక్కలోకి తీసుకుని, నిజమైన విమాన సంస్థల డిస్పాచర్లు పైలట్లకు ఇచ్చే పత్రాన్ని పోలిన ఆపరేషనల్ ఫ్లైట్ ప్లాన్‌ను నిమిషంలో చేతికిస్తుంది. వాతావరణ నివేదికలు, రన్‌వే మూసివేతల వంటి సూచనలిచ్చే నోటామ్‌లు కూడా ఆ పత్రంలోనే ఉంటాయి.

ఆ పత్రంలో నేను అన్నిటికంటే ముందు కొత్తవారిచేత చదివించాలనుకునే భాగం ఇంధనం పట్టిక. హైదరాబాద్, విశాఖల మధ్య నేరుగా కొలిస్తే సుమారు 275 నాటికల్ మైళ్లు, అంటే గంటలోపు ప్రయాణం. ఇంత చిన్న ప్రయాణానికి ఇంధనం ఎంత నింపినా ఒకటేనని అనిపించవచ్చు. పట్టిక చూస్తే అలా కాదని తెలుస్తుంది. మొదటి వరుసలో ప్రయాణానికి కావలసిన ఇంధనం ఉంటుంది. దాని కింద అనుకోని ఖర్చుకు కేటాయించే అదనం ఉంటుంది, అది సాధారణంగా ప్రయాణ ఇంధనంలో 5 శాతం. తరువాత ప్రత్యామ్నాయ విమానాశ్రయం చేరడానికి కావలసినది. విశాఖకు విజయవాడను ప్రత్యామ్నాయంగా పెట్టుకుంటే మరో 155 నాటికల్ మైళ్ల దూరానికి సరిపడా మోసుకెళ్లాలి. ఆపైన, జెట్ విమానం 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు చక్కర్లు కొట్టడానికి చాలినంత తుది నిల్వ, దానికి తోడు నేలమీద టాక్సీకి అయ్యేది. ఇవన్నీ కూడితే, ట్యాంకులో ఉన్నదానిలో ప్రయాణానికి నిజంగా ఖర్చయ్యేది ఒక భాగం మాత్రమేనని అర్థమవుతుంది. ఏ లీటరు ఎందుకోసం విమానంలో ఉందో తెలిశాక, విశాఖ దగ్గర మబ్బుల్లో మరో చక్కర్ కొట్టాలా, విజయవాడకు మళ్లాలా అన్న నిర్ణయం అంకెలమీద నిలబడుతుంది.

గాలుల లెక్క కూడా సిమ్‌బ్రీఫ్‌కు పెద్ద బలం. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద పై ఎత్తుల్లో గాలులు తూర్పు నుంచి వీస్తాయి, చలికాలంలో పడమటి నుంచి వీస్తాయి. అందువల్ల జూలైలో విశాఖ వెళ్లే విమానానికి ఎదురుగాలి తగిలితే, జనవరిలో అదే ప్రయాణానికి గాలి వెనకనుంచి తోడవుతుంది. గంట ప్రయాణంలో ఈ తేడా కొద్దిపాటిదే. హైదరాబాద్ నుంచి దాదాపు 1,380 నాటికల్ మైళ్ల దూరంలోని దుబాయ్‌కి చలికాలంలో వెళ్లేటప్పుడు మాత్రం అది లెక్కలోకి తీసుకోక తప్పనంత పెద్దది. సగటు వేగంతో దూరాన్ని భాగించి సమయం చెప్పే ప్లానర్ ఇక్కడ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ప్లాన్‌ను విమానంలోకి చేర్చడంలోనూ దీనికి సాటి లేదు. ఫ్లైబైవైర్ బృందం ఉచితంగా అందించే ఎ320నియోలో సిమ్‌బ్రీఫ్ ఖాతాను ఒకసారి జతచేసుకుంటే, కాక్‌పిట్‌లోని టాబ్లెట్‌లో ప్లాన్ మొత్తం కనిపిస్తుంది. విమానం కంప్యూటర్‌లో ప్రయాణ వివరాలు నింపే ఇనిట్ పేజీలో ఒక మీట నొక్కితే మార్గం దానంతటదే ఎక్కుతుంది. ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్‌లోని జిబో 737, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లోని ఫీనిక్స్ ఎ320 కూడా సిమ్‌బ్రీఫ్ ప్లాన్‌ను నేరుగా తీసుకుంటాయి. అయితే మార్గం ఎక్కింది కదా అని బరువులు చూడకుండా వదిలేయకూడదు. ఇంధనం లేకుండా, ప్రయాణికులు, సరకుతో కలిపి విమానం ఎంత తూగుతుందో చెప్పే జీరో ఫ్యూయల్ వెయిట్ పత్రంలో ఒకటి, సిమ్యులేటర్‌లో మరొకటి ఉంటే ఇంధనం లెక్కే కాదు, టేకాఫ్ వేగాలూ తప్పుతాయి. మీరు నడిపే విమానం తయారీదారులు సిమ్‌బ్రీఫ్ కోసం ప్రత్యేకంగా ఎయిర్‌ఫ్రేమ్ వివరాలు, అంటే ఆ విమానం బరువులు, పనితీరు అంకెలు, ఇచ్చి ఉంటే వాటినే వాడండి. సాధారణ ఎ320 వివరాలతో పని నడుస్తుంది గాని అంకెలు అంత దగ్గరగా రావు.

సిమ్‌బ్రీఫ్ లోటు ఎక్కడంటే, నావిగ్రాఫ్ చందా లేనివారికి అది పాత సైకిల్ డేటాతోనే మార్గం గీస్తుంది. మరోవైపు మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ తన నావిగేషన్ డేటాను తానే క్రమంగా తాజా చేసుకుంటుంది. అంటే ప్లాన్ పాతది, విమానం కొత్తది అవుతుంది. ఈ పరిస్థితిలో ఆకాశంలోని మార్గాన్ని మాత్రం సిమ్‌బ్రీఫ్ నుంచి తీసుకుని, బయలుదేరే పద్ధతిని, దిగే పద్ధతిని కాక్‌పిట్‌లోనే, విమానం కంప్యూటర్ చూపించే జాబితా నుంచి ఎంచుకోవడం నేను సూచించే దారి. నిజానికి ఏ రన్‌వే వాడుకలో ఉంటుందన్నది గాలినిబట్టి మారుతుంది గనుక, నిజమైన పైలట్లు కూడా ఈ భాగాన్ని చివర్లోనే ఖాయం చేసుకుంటారు.

నేలను చూస్తూ ఎగిరేవారికి లిటిల్ నావ్‌మ్యాప్

సెస్నా 172 వంటి చిన్న విమానంలో నదుల వెంట, కొండల మీదుగా ఎగరడం ఇష్టమైనవారికి సిమ్‌బ్రీఫ్ పెద్దగా ఉపయోగపడదు. వారికి లిటిల్ నావ్‌మ్యాప్‌ను మించినది నాకు కనిపించలేదు. అలెగ్జాండర్ బార్తెల్ రూపొందించిన ఈ ప్రోగ్రామ్ ఉచితం, దీని సోర్సు కోడ్ కూడా బహిరంగం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది ముందుగా మీ కంప్యూటర్‌లోని సిమ్యులేటర్ సీనరీని చదివి తన డేటాబేస్ తయారుచేసుకుంటుంది. మీ సిమ్యులేటర్‌లో శంషాబాద్ ఉంటే పటంలో శంషాబాద్ ఉంటుంది, లేకపోతే ఉండదు. మీరు కొత్తగా వేసుకున్న సీనరీలోని పార్కింగ్ స్థలాలు కూడా కనిపిస్తాయి. మొదట చెప్పిన డేటా పొసగని చిక్కు ఇందులో చాలావరకు పుట్టదు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ 2024లో మాత్రం సీనరీ ఎక్కువగా ఇంటర్నెట్ నుంచే వస్తుంది కాబట్టి, సిమ్యులేటర్ నడుస్తుండగా ఈ డేటాబేస్‌ను తయారుచేసుకోవాలి.

దీని బలం తెలియాలంటే రాజమండ్రి నుంచి గోదావరి వెంట భద్రాచలం దాకా ఒక ప్రయాణం గీసి చూడండి. మధురపూడిలోని విమానాశ్రయాన్ని ఆరంభంగా పెట్టి, పటంమీద పోలవరం దగ్గర మౌస్ కుడి మీట నొక్కి ఆ స్థానాన్ని ప్లాన్‌లో చేర్చాలి. అక్కడినుంచి పాపికొండల మధ్య నది తిరిగే ప్రతి మలుపులోనూ ఒక్కో బిందువు పెట్టుకుంటూ, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం మీదుగా భద్రాచలం చేరవచ్చు. భద్రాచలంలో విమానాశ్రయం లేదు కాబట్టి అక్కడ చుట్టు తిరిగి వెనక్కి వస్తాం. ఈ మార్గంలో ఎయిర్‌వేలు అనే నిర్ణీత ఆకాశమార్గాలు గాని, రేడియో సహాయకాలు గాని దారి చూపవు, నదే దారి. పటాన్ని ఓపెన్‌టోపోమ్యాప్‌కు మార్చితే కొండల ఎత్తు గీతలు కనిపిస్తాయి. కింది భాగంలో మీ మార్గం పొడవునా నేల ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో చూపే నిలువు చిత్రం వస్తుంది, దానిమీదే మీ ఎగిరే ఎత్తు గీత కూడా ఉంటుంది. పోలవరం దాటేదాకా చదునుగా సాగిన నేల అక్కడినుంచి గీతవైపు లేస్తూ రావడం చూసినప్పుడు, 2,000 అడుగుల్లో వెళ్లవచ్చా, ఇంకా పైకి వెళ్లాలా అన్నది మీకే తెలుస్తుంది. గ్లోబ్ అనే నేల ఎత్తుల డేటాను విడిగా దింపుకుని జతచేసుకుంటే ఈ చిత్రం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. ఆ శ్రమ పడండి, కొండల్లో ఎగిరేవారికి అది అవసరం.

ఇంధనం లెక్క కోసం ప్రతి విమానానికీ ఒక పనితీరు ఫైలు కావాలి. దాన్ని చేత్తో నింపనక్కరలేదు. సిమ్యులేటర్‌కు అనుసంధానించి ఒకసారి ఎగిరితే, ఎక్కేటప్పుడు, సమంగా ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు అయిన ఖర్చును ప్రోగ్రామే కొలిచి రాసుకుంటుంది. ఒకే వేగం, ఒకే ఖర్చు అనుకుని వేసే ఈ లెక్క సెస్నాకు చక్కగా సరిపోతుంది. ఎత్తునుబట్టి, బరువునుబట్టి ఖర్చు బాగా మారే జెట్‌కు అంత కచ్చితంగా ఉండదు. అందువల్ల పెద్ద విమానాలు నడిపేవారు ఇంధనానికి సిమ్‌బ్రీఫ్‌ను, ప్రయాణంలో పటం చూసుకోవడానికి లిటిల్ నావ్‌మ్యాప్‌ను కలిపి వాడుకోవడం మంచిది. రెండవ తెర లేనివారు ఇందులోని వెబ్ సర్వర్‌ను ఆన్ చేసుకుని, కదిలే పటాన్ని ఫోన్ బ్రౌజర్‌లో చూడవచ్చు. ఫ్లైట్‌గేర్ వాడేవారికి నేరుగా అనుసంధానం లేదు గాని, ప్లాన్‌ను ఆ సిమ్యులేటర్ చదివే రూపంలో భద్రపరచుకోవచ్చు.

సిమ్యులేటర్‌లోనే ఉన్నవి

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ 2020లోని ప్రపంచ పటం నేరుగా వెళ్లే మార్గాన్ని, ఎయిర్‌వేల మార్గాన్ని క్షణంలో గీసి ఇస్తుంది. 2024 నవంబరులో వచ్చిన తరువాతి సంచికలో ఇది బాగా మెరుగుపడింది, బ్రౌజర్‌లోనూ తెరుచుకునే ప్లానర్, కాక్‌పిట్‌లో టాబ్లెట్ వచ్చాయి. కాసేపు సరదాగా ఎగరడానికి వీటికి మించి అక్కరలేదు. అయితే గీసిన మార్గం నిజంగా విమానాలు వాడేదేనా అన్న పూచీ ఉండదు, ఇంధనం లెక్క కూడా సిమ్‌బ్రీఫ్ ఇచ్చినంత విడమరిచి ఉండదు. ఎక్స్‌బాక్స్‌లో ఎగిరేవారికి లిటిల్ నావ్‌మ్యాప్ అనుసంధానం కాదు. వారు ఫోన్‌లో సిమ్‌బ్రీఫ్ తెరిచి, మార్గాన్ని చూస్తూ కాక్‌పిట్‌లో నింపుకోవచ్చు. స్కైవెక్టర్ అనే వెబ్ పటం అమెరికాలో ఎగిరేవారికి చాలా విలువైనది, ఎందుకంటే అక్కడి ప్రభుత్వం ప్రచురించే చార్టులు, అంటే విమానయాన పటాలు, అన్నీ అందులో ఉచితంగా కనిపిస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ తమ ఊరిమీదే ఎగరాలనుకునే తెలుగువారు దీన్ని తప్పక చూడాలి. మన దేశానికి వచ్చేసరికి అందులో అంత వివరం లేదు.

చందా కట్టాలా, వద్దా

డబ్బు ఖర్చు పెట్టవలసి వచ్చేది నావిగ్రాఫ్ దగ్గర. స్వీడన్‌కు చెందిన ఈ సంస్థ రెండు ముఖ్యమైనవి ఇస్తుంది. ఒకటి, ప్రతి 28 రోజులకూ సిమ్యులేటర్‌కు, కొన్న విమానాలకు, సిమ్‌బ్రీఫ్‌కు, లిటిల్ నావ్‌మ్యాప్‌కు ఒకేసారి అందే తాజా డేటా. రెండు, నిజమైన పైలట్లు వాడే జెప్పెసెన్ చార్టులు, వాటిమీద కదులుతూ కనిపించే మీ విమానం. ఏడాది చందా మన లెక్కలో కొన్ని వేల రూపాయలవుతుంది, చెల్లించడానికి కార్డులో అంతర్జాతీయ లావాదేవీల సదుపాయం తెరిచి ఉండాలి.

చార్టుల కోసమే అయితే తొందరపడవద్దు. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ తన ఎలక్ట్రానిక్ ఏఐపీలో, అంటే అధికారిక వైమానిక సమాచార సంపుటంలో, మన విమానాశ్రయాల చార్టులను అందరికీ ఉచితంగా ఉంచుతోంది. శంషాబాద్, విజయవాడ, తిరుపతి పేజీలు తెరిస్తే బయలుదేరే పద్ధతులు, దిగే పద్ధతులు, పార్కింగ్ పటాలు అన్నీ అధికారికమైనవే దొరుకుతాయి. చాలా దేశాలు ఇలాగే ప్రచురిస్తాయి. చార్ట్‌ఫాక్స్ అనే ఉచిత సేవ వాటిని వెతికే శ్రమ తగ్గిస్తుంది. అయితే ఇక్కడా అదే జాగ్రత్త అవసరం. ఏఐపీలోని చార్టు ఎప్పుడూ తాజాదే, మీ విమానంలోని డేటా పాతది కావచ్చు. ఒక పద్ధతిని సవరించినప్పుడు దాని పేరులోని అంకె మారుతుంది. చార్టులో 2 ఉండి, కంప్యూటర్‌లో 1 ఉంటే పేరులోనే కాదు, మలుపుల్లోనూ, ఎత్తు పరిమితుల్లోనూ తేడా ఉండవచ్చు. కంప్యూటర్ చూపిన ఒక్కో బిందువును చార్టుతో పోల్చి చూసుకున్నాకే బయలుదేరండి.

చందా నిజంగా విలువ చేసేది వాట్‌సిమ్, ఐవావో వంటి ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లలో, మనుషులే కంట్రోలర్లుగా ఉన్నచోట క్రమంగా ఎగిరేవారికి. కంట్రోలర్ కొత్త చార్టు ముందు పెట్టుకుని ఒక పద్ధతి పేరు చెప్పినప్పుడు అది మీ జాబితాలో లేకపోతే ఆయన పనీ పెరుగుతుంది, వెనక వచ్చేవారికీ ఆలస్యమవుతుంది. వారానికి రెండుమూడుసార్లు అలా ఎగిరేవారు, అందులోనూ తమ డేటాను తామే మోసుకొచ్చే పీఎండీజీ 737 వంటి విమానాలు కొన్నవారు చందా కట్టడం న్యాయమే. ఒంటరిగా సెలవురోజున మాత్రమే ఎగిరేవారికి, ముఖ్యంగా చిన్న విమానాలవారికి అవసరం లేదు. ఈ రెండింటికీ నడుమ ఉన్నవారికి ఇంకో మార్గముంది. నెలవారీ చందా ఒక్క నెల కట్టి, అన్ని విమానాల్లోనూ తాజా సైకిల్ వేసుకోండి. గడువు ముగిశాక చార్టులు ఆగిపోతాయి గాని, అప్పటికే విమానాల్లోకి ఎక్కించిన డేటా అక్కడే ఉండి పనిచేస్తుంది. ఆ నెలలో సిమ్యులేటర్, విమానం, లిటిల్ నావ్‌మ్యాప్ మూడింటినీ ఒకే రోజున, ఒకే సైకిల్‌కు మార్చుకోవడం మరిచిపోవద్దు. సిమ్‌బ్రీఫ్ చందా తరువాత మళ్లీ పాత సైకిల్‌కు వెళ్తుంది గనుక, దాని నుంచి వచ్చే బయలుదేరే, దిగే పద్ధతులను అప్పటినుంచి కాక్‌పిట్‌లోనే ఎంచుకోవలసి ఉంటుంది.